బొద్దుగాడి కోటు

కండరాల పాఠం ఆ ఏడాది నోటితోనే చెప్పాను. మా బడిలో అలా చెప్పకూడదు.

మాది చూపు లేని పిల్లలు చదివే బడి. కొందరికి వెలుతురు వరకూ తెలుస్తుంది, కొందరికి అదీ లేదు. ఇక్కడ జీవశాస్త్రం చెప్పేవాడికి ఒకటే నియమం. పిల్లల చేతికి ఇవ్వనిది చెప్పినట్టు కాదు. పువ్వు గురించి చెబితే పువ్వు ఇవ్వాలి, ఎముక గురించి చెబితే ఎముక ఇవ్వాలి. నేను కొత్తగా చేరినప్పుడు కండరం దగ్గరికి వచ్చేసరికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ లోటు తీర్చడానికే నా భార్య బొద్దుగాణ్ణి కుట్టింది.

ఆవిడ దర్జీ. చెల్లెలితో కలిసి బజారు వీధిలో కుట్టు దుకాణం నడిపేది. ఒక ఆదివారం అన్నం తింటూ నేను నా ఇబ్బంది చెప్పుకున్నాను. కండరమంటే మాంసం ముద్ద కాదు, సన్నని పోగులు. ఒక్కో పోగు చుట్టూ ఒక పలచని పొర. కొన్ని పోగులు చేరితే ఒక కట్ట, దాని చుట్టూ ఇంకో పొర. కట్టలన్నీ చేరితే కండరం, దాని చుట్టూ మూడో పొర. కొసకు వచ్చేసరికి పోగులు ఆగిపోతాయి గానీ పొరలు ఆగవు. మూడూ కలిసిపోయి, తాడులాగా గట్టిపడి ఎముకను పట్టుకుంటాయి. వీటికి పుస్తకంలో ఎండోమైసియం, పెరిమైసియం, ఎపిమైసియం అని పేర్లున్నాయి. ఇవి కాక, కండరాలన్నింటినీ కలిపి చుట్టే పెద్ద పొర ఒకటి ఉంది, అది ఫేసియా. ఇవన్నీ పిల్లల వేళ్ళకు ఎలా తెలియాలి?

ఆవిడ ముద్ద కలపడం ఆపి విన్నది.

"అంటే పోగుకో చొక్కా, కట్టకో చొక్కా, మొత్తానికి ఒక కోటు. అంతేనా?"

"అంతే."

"దానికి అంతంత పేర్లా! పెట్టినవాళ్ళకు పనిలేదా?"

మర్నాడు కోడికాలు ఒకటి తెచ్చి, వండే ముందు కిటికీ దగ్గర కూర్చుని దాని మీది తెల్లని పొరను గోటితో లేపి చూసింది. "ఇన్నాళ్ళూ దీన్ని పీకి పారేస్తున్నాను" అంది. పూర్వం శరీరాన్ని కోసి చదివినవాళ్ళు కూడా, కండరం బాగా కనబడాలని పొరను గీకి పారేసేవారని చెప్పాను. "మరి ఆ కొసన తాడు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారో!" అని నవ్వింది.

ఊలు దారాలు పోగులయ్యాయి. గాయాలకు కట్టు కట్టే పలచని గుడ్డ వాటి చొక్కాలయింది. కట్టలకు లైనింగు గుడ్డ చుట్టింది. పైన నున్నని మందపాటి గుడ్డతో కోటు వేసింది. రెండు కొసల్లోనూ గుడ్డలన్నీ కలిపి తాడులా పేనింది. తయారైన వస్తువు మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉంటుంది. మధ్యలో లావు, కొసలు సన్నం. ఒక కొస రెండోదానికంటే బాగా సన్నం. కోటు మీద నుంచి నొక్కితే లోపలి కట్టలు వేళ్ళకు తెలుస్తాయని, అది చాలని నేను అనుకునేవాణ్ణి. పిల్లలు దానికి బొద్దుగాడు అని పేరు పెట్టారు. అప్పటి నుంచి అది వస్తువు కాదు, మనిషి.

నెలకోసారి ఆవిడ బడికి వచ్చి, అరిగిన చోట కుట్లు వేసి వెళ్ళేది. నేను వేరే తరగతిలో పాఠం చెబుతూ ఉండేవాణ్ణి. ఆవిడ చుట్టూ చేరిన పిల్లల నవ్వులు గోడ అవతల నుంచి వినిపించేవి. వాళ్ళకు ఆవిడ కుట్టు అమ్మగారు.

ఏటా పరీక్షల్లో ఒక వింత తప్పు కనబడేది. కండరం నిర్మాణం రాయమంటే అంతా సరిగ్గా రాసి, చివర ఒక వాక్యం చేర్చేవాళ్ళు. "బయటి పొరకు సన్నని కొసన, ఎడమ పక్క, ఒక ముడి ఉంటుంది." ఒకరు కాదు, తరగతిలో సగం మంది. ఏ కండరానికీ ముడి ఉండదు. తాడు మెలికను ముడి అనుకుంటున్నారని సరిపెట్టుకుని అర మార్కు తగ్గించేవాణ్ణి. నేను బ్రెయిలీని వేలితో చదవను. కాగితాన్ని దీపం పక్కకు వంచి, చుక్కల నీడలు చూసి కంటితో చదువుతాను. అలా దిద్దుతూ ఈ తప్పు చదివి వినిపిస్తే, ఆవిడ పెదాల మధ్య గుండుసూదులతోనే నవ్వేది.

"ఆ అర మార్కు ఇచ్చేస్తే మీ సొమ్మేం పోయింది?"

"లేని ముడికి మార్కెలా ఇస్తాను?"

"సరే మాస్టారూ, మీ ఇష్టం."

వేసవి సెలవుల ముందు, కోటు మధ్యలో బాగా పలచబడిందని బొద్దుగాణ్ణి ఇంటికి తెచ్చుకుంది. దాని పని మొదలుపెట్టలేదు. సెలవుల్లోనే ఆవిడ పోయింది.

బడి తెరిచాక దాన్ని నేను తీసుకెళ్ళలేదు. బీరువాలో, ఆవిడ శాలువా కింద ఉంచాను. ఇంకో ఏడాది అన్ని చేతుల్లో నలిగితే ఆ కోటు చిరుగుతుందని నాకు తెలుసు. ఇంట్లో ఆవిడ కుట్టినవి ఇంకా ఉన్నాయి. నేను తొడుక్కునే చొక్కాలూ ఆవిడ కుట్టినవే. కానీ అవి నా కొలతకు కుట్టినవి. నా మాట విని కుట్టింది ఇదొక్కటే.

"సార్, బొద్దుగాడు రాలేదా?" అని తొమ్మిదో తరగతిలో మొదటి రోజే అడిగింది రేడియో. నిద్రలో తప్ప ఆ పిల్ల నోరు మూతపడదు కనుక ఆ పేరు.

"రాలేదు."

"ఒంట్లో బాగాలేదా?"

తరగతి గొల్లుమంది.

"రిపేరులో ఉంది" అన్నాను.

"ఉన్నాడు అనాలి సార్" అన్నాడు వకీలు. వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "తొమ్మిదిలోకి వస్తే బొద్దుగాణ్ణి చేతికిస్తారని హాస్టల్లో అన్నయ్యలు చెప్పారు. అందుకే కదా మేం ఎనిమిది పాసయ్యింది!"

నేను పిల్లలకు ఒక లావుపాటి తాడు ముక్క ఇచ్చాను. కొసన విప్పితే పోగులు వస్తాయి, కట్టలు వస్తాయి. వాళ్ళు విప్పారు.

"పోగులున్నాయి సార్. పొరలేవీ?" అన్నాడు వకీలు.

"తాడుకు ఉండవు. ఉన్నాయనుకోండి."

మోచెయ్యి మడిచి, పైచేతిలో ఉబ్బిన కండను రెండో చేత్తో పట్టుకోమన్నాను. లోపల ఎన్ని పోగులున్నాయో, ఒక్కోదాన్ని పొర ఎలా చుట్టి ఉంటుందో చెప్పాను. మామూలు బడిలో అయితే బాగా చెప్పాననే అనేవారు. రేడియో చాలాసేపు తన చెయ్యి తను పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల అంతసేపు మాట్లాడకపోవడం అదే మొదటిసారి.

"నా చేతికి ఒక్క ముద్దే తెలుస్తోంది సార్."

"బయటి నుంచి అంతే తెలుస్తుంది."

"అన్ని పోగులూ ఎవరి చొక్కాలో వాళ్ళుంటే, అన్నీ కలిసి ఎలా లాగుతాయి? ఎవరికి వాళ్ళే లాక్కోవాలి కదా!"

పొరలే ఆ లాగుడును పోగు నుంచి పోగుకు, కొసన ఎముకకు అందిస్తాయని చెప్పాను. మళ్ళీ ఇంకో రకంగా చెప్పాను. ఆ పిల్ల ఓపిగ్గా విన్నది.

"మీరు ఉన్నాయంటే ఉన్నాయనే నమ్ముతాను సార్" అంది. "కానీ మీరు ఎప్పుడూ నమ్మమనలేదు. ముట్టుకోమన్నారు."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్న మాట చెప్పింది, అంతే. నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టాను. మా బడిలో బోర్డు మీద రాసేది ఎవరూ చదవరు. అయినా చేతిలో చాక్‌పీసు లేకపోతే నాకు పాఠం రాదు.

మధ్యాహ్నం పెద్ద మేడమ్ టీచర్ల గదిలో నా ఎదుట కూర్చున్నారు. ఆవిడకు పిల్లలు ఏమీ చెప్పరు, కానీ ఆవిడకు అన్నీ తెలుస్తాయి.

"దాన్ని ఇమ్మని అడగను మాస్టారూ. అది మీది. అలాంటివే ఇంకో రెండు కుట్టించగలమా? అప్పుడు అసలుది మీ ఇంట్లోనే ఉంటుంది."

"కుట్టాలంటే లోపల ఎలా చేసిందో చూడాలి మేడమ్."

"చూడండి మరి."

"చూడాలంటే కొయ్యాలి."

ఆవిడ టీ గ్లాసు నా వైపు జరిపి లేచి వెళ్ళారు.

శనివారం సాయంత్రం బొద్దుగాణ్ణి శాలువాతో సహా సంచీలో పెట్టుకుని దుకాణానికి వెళ్ళాను. మా మరదలు ఎవరిదో కోటు చెయ్యి విప్పుతోంది. పక్కన రెండో మిషను మీద దుప్పటి కప్పి ఉంది.

"ఏం బావా, దారి తప్పారా? బొత్తాం ఊడితే తప్ప ఈ వీధి గుర్తు రాదు మీకు."

"బొత్తాలు బాగానే ఉన్నాయి."

"మనిషే బాగాలేడు. మొహం చూస్తే తెలుస్తోంది, పొద్దున ఏం తినలేదు. ఏముంది సంచీలో?"

బయటికి తీశాను. ఆవిడ చేతిలో పని పక్కన పడేసి రెండు చేతులూ చాపింది.

"వీడేనా! అక్క నన్ను ముట్టుకోనిస్తేగా. 'నీకు చూపిస్తే రేపటి నుంచి దిండ్లు అమ్ముతావే' అనేది. అక్క నాకు నేర్పకుండా కుట్టింది ఇదొక్కటే బావా."

పెద్ద మేడమ్ అడిగిన సంగతి చెప్పాను. ఆవిడ బొద్దుగాణ్ణి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పింది, మడిచింది, సాగదీసింది. బల్ల మీద పడుకోబెట్టి అద్దాలు పెట్టుకుంది. తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఎక్కడ మూసిందో తెలియట్లేదు. కుట్టంతా లోపలికి తిప్పేసింది. ఈ కొసల్లో చూద్దామంటే అన్నీ మెలికలే, వీటిని కదిపితే తాడంతా ఊడి వస్తుందేమో. కొయ్యక తప్పదు."

"మళ్ళీ కుట్టగలవా?"

"తెలియకుండా కుట్టిస్తాను."

"ఎవరికి తెలియకుండా?"

ఆవిడ సుద్దముక్క తీసి కోటు పొడుగునా ఒక గీత గీసింది. గోడకు తగిలించిన పెద్ద కత్తెర దించింది. అది అక్కది. గీత కొసకు కత్తెర ఆనించి, ఆగి, పక్కన పెట్టేసింది.

"మీరే కొయ్యండి బావా. నా వల్ల కాదు. చిన్నప్పటి నుంచీ ఆవిడ కుట్టిన కుట్టు విప్పితే నా వీపు విమానం మోతే."

కత్తెర నేను తీసుకున్నాను. ఈ గీత మీద కోస్తే పిల్లలకు రెండు బొద్దుగాళ్ళు వస్తాయి, నా దగ్గర ఒక అతుకు మిగులుతుంది. కొయ్యకపోతే నా దగ్గర ఇది ఇలాగే ఉంటుంది, ఆ పిల్ల తన చెయ్యి తను పట్టుకుని నా మాట నమ్ముతుంది. రెండిట్లో ఏది చెయ్యాలో నాకు రేడియో ఎప్పుడో చెప్పేసింది. చెయ్యే కదలడం లేదు.

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?"

"సన్నని కొసన, ఎడమ పక్క నుంచి" అంది మా మరదలు.

ఆ మాటలు నేను ఏటా చదివినవి. కాగితాలు వంచి, నీడలు చూసి, పక్కన అర మార్కు తగ్గించినవి.

కత్తెర కింద పెట్టి బొద్దుగాణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాను. సన్నని కొస ఎంత చూసినా మెలికలే. చూడటం మానేసి వీధిలోకి మొహం తిప్పుకున్నాను. ఎదురుగా ఒకాయన సైకిలు చక్రానికి గాలి కొడుతున్నాడు. ఆయన్ను చూస్తూ బొటనవేలు గుడ్డ మీద నడిపాను. ఒక మెలిక, దాని పక్కన పల్లం, ఇంకో మెలిక. ఎడమ పక్క మడత కింద, మెలికతో పాటు తిరగనిది ఒకటి తగిలింది. కందిగింజంత. గోరు దూర్చి లాగాను.

జారుముడి. ఇట్టే వదిలేసింది. దాని వెనక దారం సర్రున జారింది. ఒకదాని మీద ఒకటి మడిచి ఉన్న కోటు అంచులు రెండూ పొడుగునా విడిపోయి, కోటు నా ఒళ్ళో తెరుచుకుంది.

మా మరదలు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నాడా! నాడా వేసింది బావా! పైజామాకి వేసినట్టు!" నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే కళ్ళద్దాలు తీసేసింది. "విప్పుకోలేని బట్ట కుట్టకూడదే, పిల్లలు పెరుగుతారు, మడత వదలాలి అని నా బుర్ర తినేది. నాకే తట్టలేదు చూడండి. దొంగది. చచ్చేదాకా చెప్పలేదు."

ఆ చివరి మాట నోటి నుంచి వచ్చాక అద్దాలు కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

తర్వాత ఆవిడ కట్టలను, కొసలు తాడును పట్టుకుని ఉండగానే, ఒక్కొక్కటే కోటు బయటికి తీసి బల్ల మీద పరిచింది. దేనికది చుట్టే ఉంది, కుట్టలేదు. విప్పి మళ్ళీ చుట్టుకునేలా అంచులు వదిలి ఉన్నాయి. పైకోటు మధ్యలోనే పలచబడింది. లోపలి గుడ్డలు మాత్రం కొసల దాకా నల్లబడి, వేళ్ళ మురికితో మెత్తబడి ఉన్నాయి. ఒక కట్ట అడ్డదిడ్డంగా చుట్టి ఉంది. ఇంకోదానికి జడ రిబ్బను ముక్క కట్టి ఉంది.

"ఇది అక్క మడత కాదు. ఇదీ కాదు. ఈ రిబ్బనేమిటి? ఎవరు విప్పారు బావా దీన్ని?"

"పిల్లలు" అన్నాను.

మా మరదలు కొలతలు తీసి, పాత క్యాలెండరు కాగితాల వెనక నమూనాలు గీసుకుంది. చీకటి పడే ముందు పలచబడ్డ చోట లోపలి నుంచి గుడ్డ వేసి కుట్టింది. ఆ పనికి దుప్పటి తీసి అక్క మిషను మీద కూర్చుంది. నేను రిబ్బను కట్టిన కట్టను దాని చోట పెట్టాను. రిబ్బను విప్పలేదు.

సోమవారం బొద్దుగాణ్ణి బడికి తీసుకెళ్ళాను. కొత్తవి రెండూ నెలాఖరుకు వస్తాయి, అప్పటి దాకా ఆగితే అసలుది ఇంట్లోనే ఉంచుకోవచ్చు. పెద్ద మేడమ్ గుమ్మంలో నా చేతిలో ఉన్నది చూసి పక్కకు తప్పుకుని దారిచ్చారు.

బల్ల మీద పెట్టి "వచ్చాడు" అన్నాను.

కుర్చీలన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి. రేడియో అందరికంటే ముందు వచ్చింది. కోటు మీద చెయ్యి వేసి ఒక కొస నుంచి ఇంకో కొసకు పాకించి, నేను నోరు తెరిచేలోగా ముడి లాగేసింది.

"నీకు ముడి సంగతి ఎవరు చెప్పారు?"

"హాస్టల్లో అందరికీ తెలుసు సార్. సన్నని కొసన, ఎడమ పక్క."

"కుట్టు అమ్మగారు నేర్పారట" అన్నాడు వకీలు. "విప్పి చూసుకుని, మళ్ళీ కట్టెయ్యాలి. కట్టకపోతే చెవి మెలేస్తానన్నారట."

"నాకు ఎవరూ చెప్పలేదే?"

పిల్లలు నేను హాస్యమాడుతున్నానేమోనని ఆగారు.

"మీకు కళ్ళున్నాయి కదా సార్" అంది రేడియో. "కనబడుతూనే ఉంటుందని అందరూ అనుకున్నారు."

నేను నవ్వాను. వేసవి తర్వాత నా నవ్వు నాకే వినబడటం అదే మొదలు. పిల్లలు నాకంటే గట్టిగా నవ్వారు. ఏటేటా వాళ్ళు ఉన్నది ఉన్నట్టు రాశారు, నేను ఉన్నది చూడకుండా దిద్దాను. ఆవిడ మాత్రం సూదులు పెదాల మధ్య పెట్టుకుని వాళ్ళ మాటా నా మాటా వింటూ కూర్చుంది.

"నిజం కండరానికి ముడి ఉంటుందా?" అని అడిగాను.

"ఉండదు సార్" అన్నాడు వకీలు. "అది అమ్మగారిది."

"అలాగే రాయండి. రెండూ రాయండి."

బల్ల చుట్టూ కట్టలు చేతులు మారాయి. చొక్కాలు విప్పారు, పోగులు లెక్కపెట్టబోయి కలగాపులగం చేశారు, మళ్ళీ చుట్టారు. రేడియో ఒక కట్టను ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో కొసన పేనిన తాడును లాగింది. ఆగి మళ్ళీ లాగింది.

"తాడు లాగితే పోగు కదలడం లేదు సార్, ముందు చొక్కా కదులుతోంది. చొక్కా కదిలితే అన్నీ కదులుతున్నాయి."

"ఊఁ."

"అయితే పట్టుకున్నది చొక్కాలే. పోగులు లాగితే చొక్కాలు మోస్తున్నాయి." తన పైచెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది. "ఇదిగో, ఇప్పుడు తెలిసింది."

నేను చెప్పిన మాటకూ ఆ పిల్ల చెప్పిన మాటకూ తేడా పెద్దగా లేదు. కానీ అది ఆ పిల్లది.

గంట కొట్టాక కట్టలన్నీ సర్ది కోటు మూశారు. ముడి నేను వెయ్యబోయాను. రెండుసార్లు జారిపోయింది. రేడియో నా వేళ్ళు పక్కకు నెట్టి తనే వేసింది. అది పడిన చోటు నాకు కనబడలేదు.

"వీణ్ణి ఇంటికి తీసుకెళ్తారా సార్?"

"లేదు. ఇక్కడే ఉంటాడు."

తరగతి బీరువా తెరిచి, ఎప్పుడూ ఉంచే పై అరలో పెట్టబోయాను. అక్కడైతే దుమ్ము పడదు, ఊరికే ఎవరూ తియ్యరు.

"అక్కడ మాకు అందడు సార్. కింద పెట్టండి" అంది రేడియో.

కింది అరలో ఉన్న అట్టపెట్టెలు పైకి మార్చి, శాలువా మడిచి పరిచి, దాని మీద బొద్దుగాణ్ణి పడుకోబెట్టాను.